గోడ మీద సున్నం, గోడలో చెమ్మ

సకల ప్రశంసలు సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతి, శుభాలు కురియుగాక!

అక్టోబరు, నవంబరు మాసాల్లో ఈశాన్య రుతుపవనాల వానలు మొదలైతే సింగరాయకొండ వంటి తీరప్రాంతపు ఊళ్ళలో మా వద్దకు వచ్చే ప్రశ్నలు మారిపోతాయి. "మౌలానా! శ్లాబు నుంచి కారిన నీళ్ళు బట్టల మీద పడ్డాయి, వాటితో నమాజు అవుతుందా?" అని ఒకరు అడుగుతారు. "గోడకు పట్టిన నల్లని బూజు నజాసతా?" అని మరొకరు. "వరదలో ఖుర్ఆన్ ప్రతి తడిసి పుటలు అంటుకుపోయాయి, ఏం చేయాలి?" అని ఇంకొకరు. వినడానికి ఇవి చిన్న ప్రశ్నలే. వీటి వెనుక పిల్లల ఆరోగ్యం ఉంది, పొరుగువారి హక్కు ఉంది, అద్దె ఇంటి అమానత్ ఉంది, వ్యాపారంలో నిజాయితీ ఉంది. అంటే రేపు అల్లాహ్ సన్నిధిలో మనం జవాబు చెప్పుకోవలసిన వ్యవహారాలన్నీ ఉన్నాయి.

మన తెలుగులో 'నెమ్ము' అనే మాట ఉంది. గోడలో చేరిన తడినీ నెమ్ము అంటాము, పసిబిడ్డ రొమ్ములో చేరిన జబ్బునూ నెమ్ము అంటాము. మన పెద్దలు ఈ రెండింటికీ ఒకే పేరు వాడారు. గోడ నెమ్మెక్కిన ఇంట్లో పిల్లల దగ్గు తగ్గదన్నది ప్రతి తల్లికీ అనుభవమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇళ్ళలోని చెమ్మ, బూజుల గురించి 2009లో ప్రత్యేక మార్గదర్శకాలు వెలువరించింది. తడి ఇళ్ళలో ఉండేవారికి దగ్గు, ఆయాసం, ఉబ్బసం ఎక్కువగా వస్తాయని అందులో హెచ్చరించింది.

2023 డిసెంబరు 5న బాపట్ల వద్ద తీరం దాటిన మిగ్‌జాం తుఫాను, 2025 అక్టోబరు 28 రాత్రి నర్సాపురం సమీపంలో తీరం దాటిన మొంథా తుఫాను మన ప్రకాశం జిల్లాను తడిపి వెళ్ళాయి. తుఫాను రెండు మూడు రోజుల్లో వెళ్ళిపోతుంది. గోడలోకి దిగిన నీరు మాత్రం నెలల తరబడి ఉండిపోతుంది. ఆ నీటితో మనం ఎలా వ్యవహరించాలో ధర్మం వెలుగులో తెలుసుకుందాం.

ఇల్లు కారడం అవమానం కాదు

ముందుగా ఒక విషయం మనసులో నిలుపుకోవాలి. ఇంటి పైకప్పు కారడం సిగ్గుపడవలసిన సంగతి కాదు. మహాప్రవక్త (స) మసీదు పైకప్పే కారింది.

హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) ఉల్లేఖించిన ఆ సంఘటన సహీహ్ బుఖారీలో ఉంది. మస్జిదె నబవీ కప్పు ఖర్జూరపు మట్టలతో వేసినది. ఒక రమజాను మాసంలో వాన కురిసి నీరు మసీదులోకి కారింది. నేల బురద అయింది. ఆ ఇరవై ఒకటవ రాత్రి దైవప్రవక్త (స) ఆ బురదలోనే సజ్దా చేశారు. నమాజు ముగించి ఇటు తిరిగినప్పుడు వారి పవిత్రమైన నుదుటిపై తడిమట్టి గుర్తు సహచరులకు కనిపించింది.

సృష్టిలో శ్రేష్ఠులైనవారి నుదుటికే కారిన కప్పు కింది మట్టి అంటింది. కాబట్టి ఇల్లు కారుతోందని బంధువుల ఎదుట తలదించుకునే సోదరుడు, గోడ మీది మరకలకు కేలండరు తగిలించి దాచే సోదరి మనసు చిన్నబుచ్చుకోవలసిన పని లేదు. పేదరికం పాపం కాదు. కారుతున్న కప్పు గురించి అల్లాహ్ మనల్ని నిలదీయడు. దాన్ని సరిచేసుకునే స్తోమత ఉండి బద్ధకించి పిల్లలను జబ్బులపాలు చేస్తే నిలదీస్తాడు. దాని గురించి ఎదుటివారికి అబద్ధం చెబితే నిలదీస్తాడు.

తడి గింజల కుప్ప

అబద్ధం మాట వచ్చింది కనుక మదీనా బజారుకు వెళదాం. హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖనం సహీహ్ ముస్లింలో ఉంది. దైవప్రవక్త (స) బజారులో వెళుతూ ఒక ధాన్యపు కుప్ప వద్ద ఆగారు. పైకి గింజలు ఎండి శుభ్రంగా ఉన్నాయి. వారు తమ చేతిని కుప్ప లోపలికి పోనిచ్చారు. వేళ్ళకు తడి తగిలింది. ఇదేమిటని వర్తకుణ్ణి అడిగారు. వానకు తడిసిందని అతను బదులిచ్చాడు. తడిసిన భాగాన్ని జనానికి కనిపించేలా పైన ఎందుకు పెట్టలేదని వారు ప్రశ్నించారు. ఆపై, మోసగించేవాడికి తమతో సంబంధం లేదని స్పష్టం చేశారు.

సోదరులారా! ఇక్కడ ఒక సూక్ష్మాన్ని గమనించండి. ధాన్యం తడిసినందుకు ఆ వర్తకుణ్ణి ఎవరూ తప్పు పట్టలేదు. వాన అల్లాహ్ కురిపించినది. తడిసిన ధాన్యాన్ని అమ్మవద్దని కూడా అనలేదు. తడిని పైన పెట్టమన్నారు, అంతే. చూసినవాడు ఇష్టపడితే తగిన ధరకు కొంటాడు, లేకపోతే వెళ్ళిపోతాడు. నష్టం వచ్చినా అతని సంపాదన హలాల్‌గా ఉంటుంది.

మన పత్తి, మిర్చి రైతులకు ఈ హదీసు విడమరిచి చెప్పనక్కరలేదు. కొనుగోలు కేంద్రంలో తేమ కొలిచే యంత్రాన్ని పత్తిలోకి దూర్చి చూస్తారు. పన్నెండు శాతం మించితే సీసీఐ కొనదు. పైన ఎంత తెల్లగా ఉందన్నది లెక్కలోకి రాదు, లోపల ఎంత తడి ఉందన్నదే లెక్క. ప్రవక్త (స) చేయి ఆ బజారులో చేసిన పని కూడా అదే.

ఇప్పుడు మన ఇళ్ళ సంగతి చూద్దాం. ఇల్లు అద్దెకివ్వబోయే ముందు, అమ్మబోయే ముందు, ఒక్కోసారి పెళ్ళివారు చూడడానికి వచ్చే ముందు మనం ఏం చేస్తున్నాం? చెమ్మ పట్టిన గోడను గీకించి, పుట్టీ పెట్టించి, రంగు వేయిస్తున్నాం. ఎండాకాలంలో వచ్చినవారికి గోడ తళతళలాడుతూ కనిపిస్తుంది. వారు అడ్వాన్సు ఇచ్చి చేరతారు. తొలి తుఫానుకు మంచం తలాపిన గోడ మీద నల్లని చుక్కలు బయటపడతాయి. పైన ఎండు గింజలు, లోపల తడి గింజలు! ఆ కుప్పకూ ఈ గోడకూ తేడా ఏముంది?

చెమ్మ ఉన్న ఇల్లు అద్దెకివ్వడం హరామ్ అని మేము అనడం లేదు. "ఈ గోడకు వానాకాలం చెమ్మ వస్తుంది, మంచం దూరంగా వేసుకోండి, అందుకే అద్దె తగ్గించాము" అని చెప్పి ఇవ్వండి. తడిని కుప్ప పైన పెట్టడమంటే అదే.

సున్నం కింద జరిగేది

రంగు వేస్తే బూజు పోతుందా? పోదు. ఎందుకు పోదో తెలుసుకోవడం మంచిది. చాలా ఇళ్ళలో ఏటా డబ్బు ఈ పనికే వృథా అవుతోంది, వృథా వ్యయాన్ని అల్లాహ్ ఇష్టపడడు.

బూజు అంటే శిలీంధ్రం. దాని బీజాలు కంటికి కనిపించనంత చిన్నవి, గాలిలో ఎప్పుడూ ఉంటాయి. తడి దొరికిన చోట అవి మొలకెత్తుతాయి. వస్తువు తడిసిన ఒకటి రెండు రోజుల్లోగా ఆరిపోతే బూజు పట్టదు. అంతకు మించి తడి నిలిస్తే పట్టడం మొదలవుతుంది. అంటే తడి పోతేనే బూజు పోతుంది. తడి గోడ మీద వేసిన రంగు కొన్నాళ్ళకు ఉబ్బి పెచ్చులుగా ఊడుతుంది. ఆ గోడకు టైల్స్ అంటిస్తే తడి టైల్స్ వెనుక నుంచి పైకి ఎక్కి, వాటి పై అంచున బయటపడుతుంది.

ఇంట్లోకి తడి మూడు దారుల్లో వస్తుంది.

మొదటిది పైనుంచి. శ్లాబు మీద వాటం సరిగా లేక నీరు నిలవడం, పిట్టగోడ మొదట్లో పగుళ్ళు, ఆకులు అడ్డుపడిన గొట్టాలు దీనికి కారణాలు. వానలకు ముందే మేడ ఎక్కి ఊడ్చి, గొట్టంలో ఒక బిందె నీళ్ళు పోసి చూడండి. పగుళ్ళు పూడ్చే పని ఎండాకాలంలోనే చేయించండి. తడి శ్లాబు మీద పూత నిలవదు.

రెండవది కిందనుంచి. నేలలోని తడి పునాది గుండా గోడలోకి ఎక్కుతుంది. పాకల తీరం దగ్గరున్న సింగరాయకొండ ప్రాంతంలో దీనికి ఉప్పు తోడవుతుంది. ఉప్పు ఇసుకతో, చౌటి నీటితో కట్టిన గోడలో ఉప్పు మిగిలిపోతుంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. గోడ మీద తెల్లని పొడి రాలుతుంటే అది ఉప్పే. ఇల్లు కట్టే అన్నదమ్ములు మంచినీళ్ళ ఖర్చుకు, పునాది మీద తేమను ఆపే పొర ఖర్చుకు వెనుకాడవద్దు. కట్టేసిన ఇంట్లో అయితే గోడ పక్కన మట్టి గుట్టలు, నీటి గుంటలు లేకుండా చూడండి. గోడకు గాలాడనివ్వని ఎనామిల్ రంగుల కంటే సున్నపు పూత మేలు, లోపలి తడిని బయటికి పోనిస్తుంది.

మూడవది లోపలినుంచి. వంట ఆవిరి, స్నానాల గది తడి, వానరోజుల్లో గదిలో ఆరేసిన బట్టలు. ఇక్కడ మన ముస్లిం కుటుంబాలకు ప్రత్యేకంగా చెప్పవలసిన మాట ఒకటి ఉంది. పర్దా కోసం కిటికీలు ఏడాది పొడుగునా మూసి ఉంచే ఇళ్ళు ఉన్నాయి. పర్దా అల్లాహ్ ఆదేశం. గాలిని, ఎండను ఇంట్లోకి రాకుండా చేయమని మాత్రం ధర్మం ఆదేశించలేదు. తల ఎత్తుకు పైన వెంటిలేటర్లు పెట్టించండి. కిటికీకి జాలీ బిగించండి, తెర వేయండి, రెక్కలు తెరవండి. పగలంతా ఆ ఇంట్లో ఉండేది స్త్రీలు, పసిపిల్లలు, ముసలివారే. వారి ఊపిరి మీకు అప్పగించిన అమానత్.

నీటి వాడకంలోనూ ప్రవక్త (స) సంప్రదాయం మనకు ఉంది. వారు ఒక ముద్ద్ నీటితో వుజూ చేసేవారు. ముద్ద్ అంటే రెండు చేతులు కలిపి పట్టిన ఒక దోసెడు కొలత. మనం కుళాయి విప్పి గోడలు తడిసేలా వుజూ చేస్తున్నాం. సున్నత్ పాటిస్తే పుణ్యమూ దక్కుతుంది, గోడా ఆరుతుంది.

పట్టిన బూజును తుడిచే పద్ధతి కూడా చెబుతాము. ముక్కు, నోరు గుడ్డతో కట్టుకోండి. ఉబ్బసం ఉన్నవారిని, పిల్లలను బయటికి పంపండి. పొడి చీపురుతో దులపవద్దు, బీజాలు గదంతా ఎగురుతాయి. సబ్బు నీళ్ళలో తడిపిన గుడ్డతో రుద్ది, ఫ్యాను వేసి బాగా ఆరబెట్టండి. బ్లీచింగ్ పౌడరు వాడితే కిటికీలు తెరిచి వాడండి. దానిలో మరుగుదొడ్డి కడిగే యాసిడ్ ఎన్నటికీ కలపవద్దు. ఆ రెండూ కలిస్తే ప్రాణం తీసే విషవాయువు పుడుతుంది.

పొరుగింటి గోడ

ఇంతవరకు మన ఇంటి నీరు మన ఇంట్లోకే వస్తే ఏం చేయాలో చూశాం. మన నీరు పొరుగువారి గోడలోకి పోతే?

ఉర్దూలో పర్నాలా, అరబీలో మీజాబ్ అంటారు, కప్పు మీది నీరు పడే గొట్టాన్ని. ముస్నద్ అహ్మద్‌లో దాని గురించి ఒక సంఘటన ఉంది. ప్రవక్త (స) పినతండ్రి హజ్రత్ అబ్బాస్ (రజి) ఇంటి మీజాబ్ హజ్రత్ ఉమర్ (రజి) నడిచే దారి మీదికి ఉండేది. ఒక జుమా రోజు ఖలీఫా శుభ్రమైన దుస్తులు ధరించి మసీదుకు వెళుతుండగా, కోసిన పక్షిపిల్లల రక్తం కలిసిన నీరు ఆ గొట్టం నుంచి ఆయన మీద పడింది. దాన్ని పీకివేయమని ఆయన ఆజ్ఞాపించి, బట్టలు మార్చుకుని వచ్చి నమాజు చేయించారు. తర్వాత హజ్రత్ అబ్బాస్ (రజి) వచ్చి, దాన్ని అక్కడ అమర్చింది స్వయంగా దైవప్రవక్త (స) అని ప్రమాణం చేసి చెప్పారు. ఆ మాట వినగానే విశ్వాసుల నాయకుడు చలించిపోయారు. తన వీపు మీదికి ఎక్కి దాన్ని మళ్ళీ అక్కడే బిగించమని పట్టుబట్టారు. అలాగే జరిగింది.

ఒక్క నీటి గొట్టం విషయంలో ఖలీఫా వీపు వంచారు! బాటసారులకు కష్టం కలగకూడదని మొదట పీకించారు. తన నిర్ణయం సరికాదని తెలియగానే అధికారాన్ని అడ్డం పెట్టుకోలేదు. మన వీధుల్లో అన్నదమ్ముల మధ్య, పొరుగువారి మధ్య చూరు నీటి కోసం తగాదాలు కోర్టుల దాకా వెళుతున్నాయి. వీపు వంచడానికి మనలో ఎవరు సిద్ధంగా ఉన్నారు?

ఇతరులకు హాని చేయరాదు, హానికి హాని బదులు చేయరాదు అనేది ప్రవక్త (స) నేర్పిన సూత్రం. ధర్మవేత్తలు దాని మీద ఎన్నో తీర్పులు నిర్మించారు. మీ స్నానాల గది నీరు పక్కింటి గోడను తడుపుతుంటే, ఆ గోడ లోపలి గదిలో పడుకున్న బిడ్డ దగ్గులో మీకు బాధ్యత ఉంది. పొరుగువారు ముస్లిములా కాదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. పొరుగు హక్కు అందరిదీ.

మసీదు కమిటీల పెద్దలకు కూడా ఒక విన్నపం. రోజుకు అయిదు పూటలా వుజూఖానా నీరు ఎటు పోతోందో ఒకసారి స్వయంగా చూడండి. అల్లాహ్ గృహం నుంచి వెళ్ళిన నీరు ఒక పేదవాడి గోడను నానబెట్టకూడదు. ఆ ఇంటివారు మొహమాటం కొద్దీ, భయం కొద్దీ అడగకపోవచ్చు. అడగని హక్కు కూడా హక్కే.

యజమాని, అద్దెదారు

ఇల్లు అద్దెకిచ్చినవారి బాధ్యత గురించి మన హనఫీ ధర్మశాస్త్ర గ్రంథాలు వివరంగా చర్చించాయి. కప్పు పూత, మీజాబ్ మరమ్మతు, కట్టడానికి సంబంధించిన పనులు ఇంటి యజమానివే అని అవి పేర్కొన్నాయి. యజమాని చేయించకపోతే అద్దెదారు ఇల్లు విడిచి వెళ్ళవచ్చు. అయితే ఆ లోపాన్ని చూసి, ఒప్పుకుని చేరినవాడికి ఆ అవకాశం ఉండదు. అలాగే దాచిపెట్టిన లోపం తర్వాత బయటపడితే కొన్నవాడికి బేరం రద్దు చేసుకునే హక్కు ఉంది. దీన్నే ఖియారె ఐబ్ అంటారు.

అద్దెదారుకూ బాధ్యత ఉంది. చెత్త వేసి తూము పూడ్చి, నీరు నిలిచాక యజమానిని నిందించడం న్యాయం కాదు. కారడం మొదలైన రోజే చెప్పాలి. ఏడాది తర్వాత చెబితే చిన్న పగులు పెద్ద ఖర్చవుతుంది. అద్దె ఇల్లు అద్దెదారు చేతిలో అమానత్.

ఇది ఒక్క మన ఊళ్ళ సమస్య కాదు. ఇంగ్లాండులోని రాచ్‌డేల్ పట్టణంలో సూడాన్ నుంచి వెళ్ళిన ఒక కుటుంబం అద్దె ఫ్లాటులో ఉండేది. గోడలకు బూజు పడుతోందని తండ్రి 2017లోనే ఫిర్యాదు చేశాడు. దాని మీద రంగు వేసుకోమన్న సలహా దొరికింది. ఆ ఇంట్లో పుట్టిన వారి బాబు రెండేళ్ళు నిండిన కొద్ది రోజులకే, 2020 డిసెంబరులో, ఊపిరాడక కన్నుమూశాడు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. ఇంట్లోని బూజు మధ్య చాలాకాలం ఉండడమే ఆ మరణానికి కారణమని 2022 నవంబరులో విచారణాధికారి తేల్చారు. ఆ పసివాడి పేరు మీదనే అక్కడ 'అవాబ్ చట్టం' వచ్చింది. 2025 అక్టోబరు 27 నుంచి దాని తొలిదశ అమలులోకి వచ్చింది. ప్రభుత్వ సాయంతో నడిచే అద్దె ఇళ్ళలో ప్రమాదకరమైన చెమ్మ, బూజు గురించి ఫిర్యాదు అందితే నిర్ణీత గడువులో పరిశీలించి సరిచేయాలి. అత్యవసరమైతే 24 గంటల్లో కదలాలి.

బూజు మీద రంగు వేయమన్న ఒక్క మాట ఎంత దూరం వెళ్ళిందో చూడండి. మనకు అటువంటి చట్టం రావాలని ఎదురుచూడనక్కరలేదు. తడి గింజల కుప్ప హదీసు మనకు పద్నాలుగు వందల ఏళ్ళుగా ఉంది.

వరద దిగిన తర్వాత

2009 అక్టోబరులో కర్నూలు, 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం మునిగినప్పుడు ఎన్నో కుటుంబాలు ఒక్కరోజులో సామానంతా పోగొట్టుకున్నాయి. విజయవాడలో నీరు దిగాక బురద కడగడానికి అగ్నిమాపక శకటాలను ఇంటింటికీ పంపవలసి వచ్చింది. అటువంటి స్థితిలో తెలుసుకోవలసిన కొన్ని ఆదేశాలు ఇవి.

వాన నీరు పరిశుద్ధమైనది. కప్పు నుంచి కారి బట్టల మీద పడినంత మాత్రాన బట్టలు అపవిత్రం కావు. గోడకు పట్టిన బూజు మురికే గాని నజాసత్ కాదు. ఆ గదిలో నమాజు అవుతుంది. అయితే మరుగుదొడ్డి గొట్టం నుంచి ఊరుతున్న తడి నజాసత్. ఏది ఎక్కడినుంచి వస్తోందో తెలియనప్పుడు ఉత్త అనుమానంతో అపవిత్రమని తీర్మానించకూడదు. నిశ్చయం అనుమానంతో తొలగిపోదన్నది ధర్మశాస్త్ర నియమం.

మురుగు కలిసిన వరద నీటిలో మునిగిన బట్టలను మూడుసార్లు ఉతికి, ప్రతిసారీ పిండాలి. నేలను కడగాలి. హనఫీ విద్వాంసుల ప్రకారం నేల ఆరిపోయి, నజాసత్ ఆనవాళ్ళు, వాసన పోతే నమాజుకు పరిశుద్ధమవుతుంది. పిండడానికి వీలుకాని పరుపులను కడిగి, చుక్కలు ఆగేదాకా వదిలి, ఇలా మూడుసార్లు చేయాలి. ఇది పవిత్రత సంగతి. ఆరోగ్యం దృష్ట్యా మురుగులో నానిన దూది పరుపును వదులుకోవడమే క్షేమం. ఇంట్లో అడుగుపెట్టే ముందు కరెంటు మెయిన్ ఆపించండి. బురద తడిగా ఉన్నప్పుడే ఎత్తిపోయండి, ఎండితే గట్టిపడుతుంది.

తడిసిన ఖుర్ఆన్ ప్రతిని వుజూతో తీసుకోండి. అంటుకున్న పుటలను బలవంతంగా లాగవద్దు. నీడలో నిలబెట్టి, ఫ్యాను గాలికి ఆరనివ్వండి. మధ్య మధ్య తెల్ల కాగితాలు పెట్టి మారుస్తూ ఉండండి. ఇంటి పత్రాలు, పిల్లల సర్టిఫికెట్లకు కూడా ఇదే పద్ధతి. చదవడానికి వీలులేనంతగా పాడైన ప్రతిని శుభ్రమైన వస్త్రంలో చుట్టి, ఎవరూ తొక్కని పరిశుభ్రమైన చోట పాతిపెట్టాలి. చెత్తలో గాని, మురుగు కాలువలో గాని వేయకూడదు.

బూజు పట్టిన తిండి, బూజు పట్టిన దానం

తడి గోడలున్న ఇంట్లో ధాన్యం, వేరుసెనగ, మిర్చి కూడా తడి పీలుస్తాయి. వీటి మీద పెరిగే ఒక రకం బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తుంది. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. వండినా పూర్తిగా పోదు. పశువుకు పెడితే పాలలోకి వస్తుంది. కిందపడిన ముద్దను శుభ్రం చేసుకుని తినమన్న ప్రవక్త (స) బోధన ఆహారాన్ని గౌరవించమని చెబుతుంది. విషమైనదాన్ని తినమని కాదు. బస్తాలను గోడకు ఆనించకుండా, చెక్క మీద ఎత్తుగా పెట్టండి. మిర్చి పొడి కొట్టించే ముందు విరిచి లోపల చూడండి. నల్లబడిన కాయను ఏరివేయండి. బరువు కోసం కాయల మీద నీళ్ళు చల్లే వర్తకుడు తన సంపాదనలోకి బూజును తానే పిలుచుకుంటున్నాడు.

చివరిగా దానం సంగతి. తుఫాను తర్వాత సాయం కోసం పిలుపు రాగానే బీరువా అడుగున చెమ్మవాసన కొడుతున్న దుప్పట్లు, మచ్చలు పడిన బట్టలు మూటగట్టి పంపేవారున్నారు. మనకు ఇస్తే కళ్ళు మూసుకుని తప్ప తీసుకోలేని నాసిరకం వస్తువులను దైవమార్గంలో ఇవ్వాలనుకోవద్దని అల్లాహ్ బఖరా సూరాలో మందలించాడు. ఇచ్చేది ఒక్కటే అయినా ఉతికి, ఎండబెట్టి, మీ బిడ్డకు కప్పగలిగినదే ఇవ్వండి. ఇవ్వడానికి ఏమీ లేనివారు చీపురు, బకెట్టు తీసుకుని ఒంటరిగా ఉన్న వితంతువు ఇంటికి కుటుంబంతో వెళ్ళండి, బురద ఎత్తిపోయండి. అదీ సదఖాయే.

సోదర సోదరీమణులారా! దాసుడు ఒక పాపం చేస్తే హృదయంపై ఒక నల్లని చుక్క పడుతుందని, పశ్చాత్తాపపడితే అది తుడుచుకుపోతుందని, లేకపోతే పెరుగుతూ హృదయమంతా కమ్ముకుంటుందని ప్రవక్త (స) బోధించారు. గోడ మీద మొదటి చుక్క కనిపించిన రోజే తుడిచేవాడికి శ్రమ తక్కువ. ఈ శుక్రవారం జుమాకు ముందు మీ ఇంటి చుట్టూ ఒకసారి తిరగండి. ఏ గోడ తడిగా ఉంది, ఆ తడి ఎక్కడినుంచి వస్తోంది, మీ తడి ఎవరి గోడకు పోతోంది, ఎవరికి చెప్పవలసిన నిజం చెప్పకుండా ఉన్నారు, చూడండి.

ఓ అల్లాహ్! వానను మాకు కారుణ్యంగా కురిపించు, శిక్షగా కురిపించకు. గూడు చెదిరినవారికి గూడు ప్రసాదించు. మా ఇళ్ళను, మా సంపాదనను, మా హృదయాలను పరిశుద్ధంగా ఉంచు. పొరుగువారికి మా వల్ల హాని కలగకుండా కాపాడు. ఆమీన్.